మామ కడుపు, అత్త నోరు

పెళ్ళయి బెంగళూరు బళేపేటకు కాపురానికి వచ్చిన కొత్తలో మా మామ మూగవాడేమో అని అనుమానపడ్డాను. పెళ్ళిచూపులప్పుడు మాట్లాడిందంతా ఆయన తమ్ముడే. ఇంట్లో నేను ఎదురుపడితే ఆయన గోడ వైపు తిరిగి నిలబడేవాడు, నేను దాటిపోయాకే కదిలేవాడు. అలా కొన్నాళ్ళు గడిచాక ఒక పొద్దున వంటింట్లో ఉండగా, పరదా అవతలి నుంచి ఒక మగగొంతు వినిపించింది. "చెయ్యి వదులు చెయ్యి తల్లీ, బిగబడితే గాజు పగులుతాది, పగిలితే మీ ఇంటాయన నన్ను తిడతాడు" అంటోంది. ఆడవాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. ఎవరబ్బా ఈ మాటకారి అని తొంగి చూస్తే మా మామ!

మా ఇంటి ముందు భాగం గాజుల దుకాణం, వెనక భాగం కాపురం. రెంటికీ నడుమ ఒక గడప, ఒక పరదా. ఊళ్ళోని ఆడవాళ్ళందరి చేతులూ పట్టుకుని నవ్విస్తూ గాజులు తొడిగే మనిషి, సొంత కోడలి వైపు కన్నెత్తి చూడడు. ఇదేమి చోద్యమని మా అత్తనడిగితే, "మా ఇండ్లల్లో మామ కోడలితో మాట్లాడేది లేదమ్మా. మర్యాద" అంది. మర్యాదంట! మాది హిందూపురం వైపు. మా పుట్టింట్లో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే గొంతు చించుకోవాల్సిందే. అలాంటి ఇంట్లోంచి వచ్చి ఈ ఇంట్లో పడ్డాను.

మరి మాటలు ఎలా నడిచేవంటే, అంతా అత్త నోటి మీదుగానే. నేను ఆ గదిలోనే బియ్యం ఏరుతూ కూర్చుని ఉండగా, మామ అత్తతో అనేవాడు, "వాన వచ్చేటట్టుండాది, గుడ్డలు తీసుకోమని చెప్పు ఆ పాపకు." అత్త నా వైపు తిరిగి, "వాన వచ్చేటట్టుండాదంట, గుడ్డలు తీసుకో పాపా" అనేది. "అప్పుడే తీసినాను అత్తా" అని నేను. "అప్పుడే తీసిందంట" అని అత్త ఆయనకు. మొదట్లో నాకు నవ్వాగేది కాదు. తర్వాత తర్వాత ఒళ్ళు మండేది. అత్త గుడికి పోయిన వేళల్లో ఆయన గాలితో మాట్లాడేవాడు. "ఈ ఎండకి కొంచెం మజ్జిగ ఉంటే బాగుండు" అని గడప దగ్గర నిలబడి పైకప్పుకు చెప్పేవాడు. నేను గ్లాసు తెచ్చి గడప మీద పెట్టి, చేతి గాజులు గలగలలాడించి లోపలికి వచ్చేసేదాన్ని. ఇలా నాలుగేళ్ళు.

ఆయనకు కడుపునొప్పి నేను రాకముందు నుంచే ఉంది. బొడ్డుకు పైన, సరిగ్గా నడిమధ్యన. ఆకలేస్తే మొదలయ్యేది, ఇంత తింటే తగ్గేది, మళ్ళీ కడుపు ఖాళీ అయితే తిరిగి వచ్చేది. నొప్పి వచ్చినప్పుడు కూర్చున్న స్టూలు మీదే ముందుకు వంగి, కడుపులో పిడికిలి అదిమి పెట్టుకునేవాడు. గాజుల డబ్బాల వెనక సోడా ఉప్పు పొట్లం ఒకటి, గులాబి రంగు మందు సీసా ఒకటి ఎప్పుడూ ఉండేవి. కారణం మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుసు. అత్త లెక్కన అది బోణీ వల్ల. మొదటి బేరం అయ్యేదాకా ఆయన మెతుకు ముట్టడు. బోణీ ఒక్కోరోజు పొద్దున్నే అవుతుంది, ఒక్కోరోజు మధ్యాహ్నమైనా కాదు. వాళ్ళ నాయన కూడా అంతేనట. మా ఆయన లెక్కన అది కారం వల్ల.

ఆ రెండో లెక్క పుణ్యమా అని ఇంట్లో మిరపకాయ నిషేధం. ఎవరికని? మామ ఒక్కడికి కాదు, అందరికీ. ఒకే పొయ్యి, ఒకే కూర. అనంతపురం జిల్లాలో పుట్టి పచ్చిమిరపకాయ కొరుక్కుని సంగటి తిన్న దాన్ని నేను, నాలుగేళ్ళు చప్పటి పులుసు తిని నోరు చచ్చిపోయి బతికాను. ఒకసారి ఎండుమిరపకాయ ఒక్కటంటే ఒక్కటి పోపులో వేస్తే, అది తగిలిన మామ మూడు రోజులు వంగిపోయాడని అత్త వీధంతా చెప్పుకుంది. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఎందుకు చల్లారలేదో తర్వాత చెప్తాను.

ఇది తొంభైల చివరి మాట. మా ఆడబిడ్డను అత్తిబెలెలో ఇచ్చారు. ఆమెకు రెండో కాన్పు. చూసుకునేవాళ్ళు లేరని మా అత్త మూట కట్టుకుని బయల్దేరింది. "నెల తిరిగినాక వస్తా. మీ మామకు వేళకు పెట్టు. నొప్పి వస్తే బెల్లం వేసి రాగి గంజి కాచియ్యి" అని నాకు చెప్పింది. మామకు ఏం చెప్పిందో తెలియదు. ఆమె బస్సెక్కిపోయాక చూస్తే, ఇంట్లో నోరు పోయింది. మా ఆయన పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ పని చేసేవాడు. తండ్రి లేవకముందే పోయేవాడు, తండ్రి పడుకున్నాక వచ్చేవాడు. పగలంతా ఆ ఇంట్లో నేను, మామ, నడుమ పరదా.

ఆమె వెళ్ళిన కొద్ది రోజులకే తేడా కనిపించింది. కంచంలో ముద్ద సగం మిగిలేది. అటక మీద నుంచి డబ్బా దించాలంటే నిచ్చెన మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు. దుకాణంలో నవ్వులు తగ్గాయి. ఒకరోజు ఖాళీ గ్లాసు గడప మీద పెడుతూ ఆయన చెయ్యి ఒక్క క్షణం తలుపు చెక్కను పట్టుకుంది. ఆ గోళ్ళు చూశాను. చాక్‌పీసు రంగులో ఉన్నాయి.

మా ఆయనతో చెప్పాను. "సెలవు పెట్టు, డాక్టర్ దగ్గరికి తీసుకుపోదాం." "ఇప్పుడు సెలవు అడిగితే పనిలోంచే తీసేస్తారు. నువ్వే పిల్చుకుని పో" అన్నాడు. "మీ నాయన నా మొహం చూడడు, నాతో ఎలా వస్తాడు?" అంటే, "ఆటో ఎక్కితే వస్తాడు లే" అన్నాడు. ఎంత తేలికో ఆయనకు!

వచ్చాడు, నిజమే. ఆటోలో నా పక్కన కూర్చోకూడదని, డ్రైవర్ సీటులో సగం మీద ఒరిగి కూర్చున్నాడు. "పోలీసు పట్టుకుంటే నాకు ఫైను పడుతుంది, వెనక కూర్చోండి యజమానరే" అని డ్రైవర్ కన్నడంలో మొత్తుకున్నాడు. మామ వినలేదు. డాక్టరుండే చామరాజపేట దాకా అలాగే కడ్డీ పట్టుకుని పోయాడు. నేను వెనక సీటులో మహారాణిలా ఒక్కదాన్నే కూర్చుని పళ్ళు నూరుకున్నాను.

డాక్టర్ మంచివాడే. కన్నడంలో ఓపిగ్గా అడిగాడు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎన్నేళ్ళుగా, అన్నిటికీ మామ చక్కగా చెప్పాడు. నేను తలుపు దగ్గర నిలబడి వింటున్నాను. తర్వాత డాక్టర్, "దొడ్డికి ఏ రంగులో పోతోంది? నల్లగా ఏమైనా?" అని అడిగాడు.  మామ నా వైపు చూడలేదు గానీ, నా వైపున్న చెవి ఎర్రబడింది. "అంతా సరిగ్గానే ఉండాది సార్" అన్నాడు. డాక్టర్ కంటి రెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువగా ఉన్నట్టుందని, పరీక్ష చేయించుకోమని, వారంలో తగ్గకపోతే గొట్టం వేసి లోపల చూద్దామని చెప్పి మందులు రాశాడు. బయటికి వచ్చాక మామ ఎదురుగా ఉన్న కరెంటు స్తంభంతో, "పరీక్షలన్నీ ఇంట్లో ఆమె వచ్చినాక చూద్దాం" అన్నాడు.

ఆ ఎర్రబడిన చెవి నన్ను నిద్రపోనివ్వలేదు. మందులు మింగినా మనిషి తేరుకోవడం లేదు, రోజురోజుకూ పాలిపోతున్నాడు. స్నానాల గదిలోకి పోతే ఎంతకీ రాడు, బకెట్ల మీద బకెట్లు గుమ్మరిస్తున్న చప్పుడు, తర్వాత ఫినాయిల్ వాసన. ఇక ఆగలేక, కూరగాయలకని చెప్పి ఒక్కదాన్నే డాక్టర్ దగ్గరికి పోయాను. "ఆ రంగు సంగతి ఎందుకడిగారు సార్?" అన్నాను.

"కడుపులోనో, దాని కింద పేగు మొదట్లోనో పుండు ఉంటే దాన్నుంచి రక్తం కారవచ్చు. ఆ రక్తం కిందికి వచ్చేసరికి నల్లగా మారిపోతుంది. తారులా, జిగటగా ఉంటుంది. అందుకడిగాను. లేదన్నాడు కదా?"

"నేనక్కడ నిలబడి ఉంటే చెప్పడు సార్. కోడల్ని."

ఆయన కళ్ళద్దాలు తీసి, "అయితే మీరు బయట ఉండాల్సింది కదమ్మా" అన్నాడు.

"అది అడగబోతున్నారని ముందే చెప్పుంటే ఉండేదాన్ని!" అని గట్టిగానే అన్నాను. బయట కూర్చున్న రోగులు తలలు తిప్పి చూశారు. చూడనీ.

ఆయన కోప్పడలేదు. "ఇవాళే కనుక్కోండి. నల్లగా పోతోందంటే ఇక్కడికి రావద్దు, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోండి. అలాంటి పుండు ఒక్కసారిగా తెగితే మనిషిని దక్కించుకోవడం కష్టం" అన్నాడు.

ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. మామ బతుకు ఒక్క మాట మీద ఉంది. ఆ మాట ఆయన నోట్లో ఉంది. అడిగేవాళ్ళు లేరు. వీధి చివర ఫోను బూత్‌కు పోయి అత్తిబెలెలో ఆడబిడ్డ పక్కింటివాళ్ళకు చేశాను. "మా అత్తను ఫోను దగ్గరికి పిలవండి" అంటే, "పొద్దున్నే మగపిల్లోడు పుట్టినాడమ్మా! మీ అత్త పురుటి గదిలో ఉండాది, పురుడు తీరేదాకా గడప దాటేది లేదు, ఏమన్నా చెప్పాలనా?" అని సంబరంగా అడిగింది ఆవిడ. ఏం చెప్పమంటారు? నీ మొగుడికి దొడ్డికి ఏ రంగులో పోతోందో కనుక్కోమని చెప్పమంటారా? సంతోషమని చెప్పండి అని పెట్టేశాను.

మా ఆయన ఆ పూట పనికి ఆలస్యంగా పోతున్నాడు. చొక్కా తొడుక్కుంటున్న మనిషిని పట్టుకుని అంతా చెప్పి, "నువ్వు అడుగు మీ నాయన్ని. కొడుకువి. ఒక్క నిమిషం పని" అన్నాను. ఆయన ముఖం ఎలా పెట్టాడనుకున్నారు, నేనేదో పాముని పట్టుకోమన్నట్టు. "నాయన్ని నేనెట్ల అడిగేది? ఆయన నాతోనే ఎన్ని మాటలు మాట్లాడతాడని? సాయంత్రం చూద్దాం" అని, గుండీలు పెట్టుకుంటూనే మెట్లు దిగాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. సాయంత్రందాకా ఉంటాడని ఎవరు రాసిచ్చారు?

తిన్నగా పోయి పరదా పక్కకు లాగాను. నాలుగేళ్ళలో బేరం జరుగుతుండగా నేను ఆ గడప దాటడం అదే మొదటిసారి. దుకాణంలో ఒక్కతే ఆడమనిషి ఉంది, నడివయసుది, పాత బెంగళూరు తెలుగావిడే. చేతికి పచ్చ గాజులు తొడిగించుకుంటోంది. ఆమె ఎడమచెయ్యి మామ చేతిలో ఉంది. మామ నుదుటి మీద చెమట ధారగా కారుతోంది, బయట చూస్తే చల్లగా మబ్బు పట్టి ఉంది.

"మామా" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. తల తిరగలేదు.

"మామా, దొడ్డికి నల్లగా పోతా ఉందా నీకు?"

ఆ ఆడమనిషి కళ్ళు ఇంతింత చేసుకుని నన్ను చూసింది. మామ గాజు వైపే చూస్తూ, "అమ్మా, ఇది దుకాణం, ఈడ అడిగే మాటనా అది అని చెప్పు ఆ పాపకు" అన్నాడు. అవునండీ, ఆమెకు చెప్పమంటున్నాడు! గాజులకొచ్చిన మనిషికి!

"ఎవురప్పా ఈ పాప?" అంది ఆమె.

"కోడలు."

"కోడలయితే నీవే చెప్పప్పా. ఆడనే నిల్చుండాది కదా!"

మామ ఇంకో గాజు ఎక్కించబోయాడు.  ఆమె ముందు చేతులు జోడించాను. "అక్కా, ఆయన నాతో మాట్లాడడు. మాట్లాడించే మా అత్త ఊర్లో లేదు. నల్లగా, తారు మాదిరి జిగటగా పోతా ఉంటే లోపల రక్తం కారతా ఉన్నట్టని డాక్టర్ చెప్పినాడు. చెప్పకుంటే చచ్చిపోతాడక్కా. నువ్వు అడుగక్కా, నీ కాళ్ళు మొక్కుతా."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది, ఒక్క క్షణం తన చేతిని పట్టుకుని ఉన్న ఆయన వేళ్ళను చూసింది. ఆ వేళ్ళ తెలుపు ఆమెకూ కనబడి ఉంటుంది. చెయ్యి లాక్కోలేదు. "ఏమప్పా, నల్లగా పోతా ఉండాదా?" అని నెమ్మదిగా అడిగింది.

"రాగి ముద్ద తినేవాళ్ళకు నల్లగా పోక తెల్లగా పోతాదామ్మా?" అన్నాడు మామ.

"ముద్ద తినేదానికంట" అని ఆమె నాకు చెప్పింది. ఎంత త్వరగా అలవాటైపోయిందో ఆమెకు కూడా!

"నేనూ అదే ముద్ద తింటా ఉన్నానని చెప్పక్కా! ఒకే గిన్నెలోది! నాకెందుకు నల్లగా పోలేదో అడుగు!"

"ఆ పాపా అదే తింటాదంట కదప్పా. తారు మాదిరి పోతా ఉండాదా? జిగటగా?"

 వీధిలో తోపుడు బండి వాడు ఏదో అరుచుకుంటూ పోయాడు. తర్వాత మామ తల కొంచెం కిందికి ఊగింది.

"అవునంట" అంది ఆమె. ఆమె గొంతు మారిపోయింది. "ఎన్నాళ్ళ నుంచప్పా?"

"మా ఇంట్లో ఆమె ఊరికి పోయినప్పటి నుంచి" అన్నాడు మామ. "ఆమెకైతే చెప్పుకుందును."

ఆ మాట అనేసి, ఇంకో జత గాజులు తీయడానికని లేచాడు. రెండడుగులు వేశాడో లేదో డబ్బాల మీదికి ఒరిగిపోయాడు. గాజులన్నీ నేల మీద పడి భళ్ళుమన్నాయి. నోట్లోంచి నల్లగా, కాఫీ పొడి మడ్డి లాంటిది వచ్చింది.  ఆ అక్క వీధిలోకి పరుగెత్తి ఆటోకు అడ్డంగా నిలబడింది.

ఆటోలో ఆయన్ను మధ్యన కూర్చోబెట్టుకుని చెరోవైపు పట్టుకున్నాం. ఆమెకు ఒక చేతికే గాజులు, ఆ గాజుల చెయ్యే ఆయన వీపు వెనకగా నా భుజాన్ని పట్టుకుని ఉంది. మామ తల నా భుజం మీద పడి ఉంది. చల్లగా, తడిగా. "చూడప్పా, కండ్లు మూయద్దు, కండ్లు తెరువు" అని ఆమె దారి పొడుగునా ఆయన్ను గదుముతూనే ఉంది. నేను ఆయన్ను తిట్టానో, దేవుణ్ణి తిట్టానో, ట్రాఫిక్కును తిట్టానో ఇప్పుడు గుర్తులేదు. తిట్టడం మాత్రం గుర్తుంది.

ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, సూదులు గుచ్చుతూనే ఒక కుర్ర డాక్టర్ గబగబా ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు పోయింది, ఎంత పోయింది, ఎలాంటి వాసన. నేను జవాబు చెప్పబోయాను. అప్పుడు మామ కళ్ళు తెరిచి, తల నా వైపు తిప్పి, నా ముఖంలోకే చూశాడు.

"నీవు బయటికి పో పాపా. నేను చెప్తా."

ఆయన నాతో అన్న మొట్టమొదటి మాట అది. బయటికి పొమ్మని! నేను పరదా ఇవతలికి వచ్చి గోడకు ఆనుకుని బావురుమన్నాను. లోపల ఆయన గొంతు సన్నగా, ఆగి ఆగి, ఒక్కొక్కటీ చెప్తూనే ఉంది. అన్నీ చెప్పాడు. దాపరికం లేకుండా.

రక్తం కావాలన్నారు. అదీ వెంటనే. పీణ్యకు ఫోను చేస్తే గేటు దగ్గరి వాడు పిలవనన్నాడు, వాడికి నా గొంతు ఏమిటో రుచి చూపించాక పిలిచాడు. మా ఆయన, ఆయనతో పనిచేసే నలుగురు, నూనె మరకల బట్టలతోనే వచ్చి వరసగా నిలబడ్డారు. ఆయన నా ముఖం చూడలేకపోయాడు.  లోపల రక్తపోటు పడిపోతోందని ఒకసారి, నిలబడిందని ఒకసారి, మళ్ళీ పడిందని ఒకసారి నర్సు వచ్చి చెప్పి పోయేది. ఆమె చెప్పుల చప్పుడైన ప్రతిసారీ నేను లేచి నిలబడ్డాను. చివరికి గొంతులోంచి గొట్టం వేసి, పేగు మొదట్లో ఉన్న పుండు దగ్గర మందు సూది గుచ్చి, రక్తం ఆపామని చెప్పారు. అప్పుడు చూసుకుంటే ఆ గాజుల అక్క లేదు. ఎప్పుడు వెళ్ళిపోయిందో తెలియదు, పేరు కూడా అడగలేదు.

మనిషి కొంచెం నిలదొక్కుకున్నాక మళ్ళీ గొట్టం వేసి, కడుపు లోపలి పొరలోంచి నూకంత ముక్క తీసి ఒక పసుపురంగు బిళ్ళలో పెట్టారు. చూస్తుండగానే ఆ ముక్క చుట్టూ గులాబి రంగు పాకింది. పెద్ద డాక్టర్ దాన్ని మాకు చూపించి, "ఇదిగో, దొంగ దొరికాడు" అన్నాడు. కడుపులో అంత పుల్లటి ఆమ్లంలో కూడా బతికే బాక్టీరియా ఒకటి ఉంటుందట. మన దేశంలో చాలామంది కడుపుల్లో ఉంటుందట, ఎక్కువగా చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ళ నుంచి అంటుకుంటుందట. కొందరిని ఏమీ చెయ్యదు, కొందరికి లోపలి పొర వాచిపోయి మంటగా ఉంటుంది, కొందరికి పుండు పెడుతుంది.

"మరి బోణీ?" అన్నాడు మామ నీరసంగా.

"బోణీకీ దీనికీ సంబంధం లేదు."

"మరి కారం?" అన్నాను నేను.

"కారం తింటే మంట ఎక్కువ అనిపించవచ్చు. పుండు పెట్టింది మాత్రం కారం కాదమ్మా."

విన్నారా? నాలుగేళ్ళు! నాలుగేళ్ళు నా నోరు కట్టేసి, ఒక్క ఎండుమిరపకాయకు వీధిలో నా పరువు తీసి, తీరా చూస్తే దోషం కంటికి కనబడని పురుగుది! నేను మా ఆయన వైపు తిరిగేసరికి ఆయన కిటికీలోంచి కాకుల్ని లెక్కపెడుతున్నాడు. మంచం మీద మామ భుజాలు కదిలాయి. నొప్పేమో అని కంగారుపడ్డాను. నవ్వుతున్నాడు.

రెండు రకాల యాంటీబయాటిక్ మందులు, ఆమ్లం తగ్గించేది ఇంకొకటి. ఒక్క పూట కూడా మానకూడదన్నారు. మానితే పురుగు మొండికెత్తుతుందట, మళ్ళీ పుండు, మళ్ళీ రక్తం, ఈసారి ఇలా దొరకకపోవచ్చు అని చెప్పి పంపారు. ఆ భయం నన్ను పట్టుకుని వదల్లేదు. బోణీ కాలేదని ఆయన తినకపోతే మాత్ర ఆగిపోతుంది. అందుకని పొద్దున్నే నేనే పరదా దాటి పోయి, చెయ్యి చాపి, "మామా, నాకు గాజులు తొడుగు. బోణీ చెయ్యి, చేసి తిను" అనేదాన్ని. మొదటి రోజు ఆయన బిత్తరపోయాడు. కోడలి చెయ్యి పట్టుకోలేక, గాజుల జత నా చేతిలో పెట్టి తలవంచుకున్నాడు. నేను దాన్ని బోణీ కిందే లెక్కగట్టి కంచం ముందుకు తోశాను. తిన్నాడు, మింగాడు. "నోరంతా ఇనుము నాకినట్టుండాది పాపా" అని నాకే చెప్పాడు. గోడకు కాదు, కరెంటు స్తంభానికి కాదు, నాకే.

అత్త వచ్చేసరికి మందులు పూర్తయ్యాయి. జరిగిందంతా విని తలబాదుకుని ఏడ్చింది. తనకు కబురు చెప్పలేదని నన్ను తిట్టింది, పోయినందుకు తనను తాను తిట్టుకుంది. మామ నీళ్ళు కావాలంటే నన్ను నేరుగా అడగడం చూసి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు, "ఇంక మీకు నాతో ఏం పని, మీరే మాట్లాడుకుంటా ఉండారు కదా" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మళ్ళీ గొట్టం వేసి చూడాల్సిన రోజు వచ్చింది. ముగ్గురం పోయాం.  పురుగు పోయిందో లేదో, పుండు మానిందో లేదో. మామను లోపలికి తీసుకుపోయినప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, ఆ పట్టుకు నా వేళ్ళు తిమ్మిరెక్కాయి. డాక్టర్ పిలిచాడు. పుండు మానిపోయిందన్నాడు. ఈసారి బిళ్ళ పసుపు పసుపుగానే ఉండిపోయిందన్నాడు. నేను కూర్చున్నచోటే దండం పెట్టాను. మామ రోగి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, అత్త ఆయన వెనక నిలబడి ఉంది.

"ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకు ఉండే అవకాశం ఉంది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి కడుపునొప్పి ఉందా?" అని అడిగాడు డాక్టర్.

"లేదు సార్" అన్నాడు మామ.

"లేదు" అన్నాను నేను.

మామ లేచాడు. నేను మందుల చీటీలు సంచిలో పెట్టుకున్నాను. ఇద్దరం తలుపు దాకా వచ్చి చూస్తే అత్త కదల్లేదు. స్టూలు పక్కనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"నాకూ ఉండాది సార్" అంది.

"ఎన్నాళ్ళుగా?"

"ఈ పాప రాకముందు నుంచి."

మామ తెల్లబోయాడు. "నాకెప్పుడూ చెప్పలేదేమే?" అన్నాడు.

అత్త ఆయన వైపు తిరగలేదు. డాక్టర్‌కే చెప్పింది. "అందరి మాటా నేను చెప్తా ఉంటిని సార్. నా మాట ఎవురితో చెప్పియ్యాల?"

 డాక్టర్ స్టూలు చూపించి కూర్చోమన్నాడు. ఆమె మామ వైపు చూసింది. మొగుడు నిలబడి ఉంటే కూర్చోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేసిన పని కాదు. డాక్టర్ మళ్ళీ కూర్చోమన్నాడు. ఆమె కొంగు నలుపుకుంటూ అలాగే నిలబడింది. నాకు ఎవరి మీదో తెలియని కోపం ముంచుకొచ్చింది.

"కూచో అత్తా!" అని అరిచాను.

కూర్చుంది. డాక్టర్ ఇంకో కాగితం తీసుకుని, నొప్పి ఎక్కడమ్మా అని అడిగాడు. మామ తలుపు తీసుకుని, నన్ను కూడా రమ్మని సైగ చేసి, బయటికి నడిచాడు.